రెండో రిమోట్ పట్టుకున్నవాళ్ల కోసం

కాసెట్ అట్ట మీద 9999 ఇన్ 1 అని పెద్ద అంకెల్లో ఉండేది. పసుపు రంగు ప్లాస్టిక్ డబ్బా, దాని మీద తుపాకీ పట్టుకున్న కండలవీరుడి బొమ్మ, పక్కనే ఆ అంకె. మా నూజెండ్ల పిల్లలు వినుకొండ బజారులో ఆ కాసెట్ కొనుక్కుని, బస్సు దిగేదాకా దాన్నే తిప్పి తిప్పి చూసుకునేవాళ్లు. టీవీకి తగిలించాక సంగతి తెలిసేది. లోపల ఉన్నవి పదో ఇరవయ్యో ఆటలు. మిగతావన్నీ అవే, పేరు మార్చి, మొదలయ్యే స్టేజి మార్చి, లైఫుల లెక్క మార్చి మళ్లీ మళ్లీ చూపించేవాళ్లు. వీడియో గేముల్లో మాట తప్పడమంటే ఏమిటో మా తరానికి ముందుగా నేర్పింది ఆ అట్టే.

ఆ అట్ట అబద్ధం చెప్పినా, లోపలున్న కాంట్రా మాత్రం నిజం. జపాన్‌కి చెందిన కోనామి సంస్థ 1987లో ఆర్కేడ్ యంత్రాల కోసం, 1988లో ఇళ్లలో టీవీకి పెట్టుకునే మెషిన్ కోసం తెచ్చిన ఆట అది. మన ఊళ్లకి కొన్నేళ్ల తర్వాత, నకలు మెషిన్ల మీద వచ్చింది. ఎనిమిది స్టేజీలు, చేతికి మూడు లైఫులు, ఒక్క తూటా తగిలితే ఒక లైఫు పోయినట్టే. ఒక్కళ్లే ఆడొచ్చు. కానీ దాన్ని ఒంటరిగా ఆడినట్టు చెప్పేవాళ్లు నాకు దాదాపు కనపడలేదు. అన్నాదమ్ములు, బావాబావమరుదులు, ఎదురింటి పిల్లాడు, ఎవరో ఒకరు రెండో రిమోట్ పట్టుకునేవాళ్లు. ఇద్దరు కలిసి ఆడే ఆట కట్టడంలో పనితనం ఎక్కడ దాక్కుని ఉంటుందో చూడాలంటే మూడో స్టేజి, అంటే జలపాతం స్టేజి, చాలు.

అక్కడిదాకా ఆట పక్కకి సాగుతుంది, లేదా గోడ కేసి కాలుస్తూ లోపలికి పోతుంది. మూడో స్టేజిలో పైకి ఎక్కాలి. రాతి అంచు మీద నుంచి ఇంకో అంచు మీదికి గెంతుతూ పోతుంటే, పై నుంచి బండలు దొర్లుతుంటాయి. ఎక్కేవాడితోపాటు తెర కూడా పైకి జరుగుతుంది. ఒకసారి జరిగిన తెర మళ్లీ కిందికి రాదు. తెర అడుగు దాటి కింద మిగిలిపోయినవాడు చచ్చినట్టే. అంటే చురుగ్గా ఆడే అన్న ఇంకో రెండు గెంతులు గెంతితే, వెనకబడ్డ తమ్ముణ్ణి చంపేది శత్రువు కాదు, అన్నే.

"అన్నా, ఆగన్నా! నేనింకా కిందే ఉన్నా!"

"ఎక్కరా తొందరగా, బండలు పడతన్నయ్!"

ఈ రెండు మాటలు పల్నాటి యాసలో ఎన్ని ఇళ్లలో వినపడి ఉంటాయో. ఆ మాటల్ని పుట్టించింది ఆట కట్టినవాళ్లు పెట్టుకున్న ఒకే ఒక్క నియమం. అది సరదాకి పెట్టిన నియమం కూడా కాదు. ఆ కాలపు మెషిన్ మీద ఇంత వేగమైన ఆటకి ఇద్దరికి రెండు తెరలు గీయడం తేలిక కాదు. ఒక్క తెరలోనే ఇద్దరూ ఇమడాలి. చేతకాని చోటుని దాచి సరిపెట్టకుండా దాన్నే ఆటలో భాగం చేశారు. నీకు చేతనైనంత వేగంగా పోతే కుదరదు, పక్కవాడికి చేతనైనంత వేగంతోనే పోవాలి. ఈ మాట తెర మీద ఎక్కడా రాసి ఉండదు. రెండుసార్లు తమ్ముడు చచ్చాక అన్నకి తనంతట తనే అర్థమవుతుంది.

ఇంకో పనితనం లైఫుల దగ్గర ఉంది. ఒకడి లైఫులన్నీ అయిపోతే, పక్కవాడి దగ్గర మిగిలినవాటిలోంచి ఒకటి తీసుకుని మళ్లీ ఆటలోకి రావచ్చు. ఒక్క బటన్ నొక్కితే చాలు, పక్కవాడి అనుమతి కూడా అక్కర్లేదు. దీని మీద పోట్లాటలు జరిగాయి, అలకలు జరిగాయి. అయినా ఆ బటన్ వల్ల ఒక పని జరిగింది: తక్కువ ఆడేవాడు గోడకి ఆనుకుని చూస్తూ కూర్చోవాల్సిన అవసరం తప్పింది. ఎస్ అక్షరం అందుకుంటే వచ్చే ఎస్ గన్ను కూడా ఇలాంటిదే. పడేది ఒక్క అక్షరం, ఉన్నది ఇద్దరు. చస్తే ఆ గన్ను పోతుంది. బాగా ఆడేవాడికి ఇస్తే స్టేజి దాటుతాం, ఆడలేనివాడికి ఇస్తే వాడు బతుకుతాడు. ఎవరికివ్వాలో ఆట చెప్పదు, ఇద్దరూ తేల్చుకోవాలి. ఇద్దరు కలిసి ఆడే ఆటని నేను ఒకే ఒక్క గీటురాయి మీద చూస్తాను: తక్కువ ఆడేవాణ్ణి అది ఎలా చూసుకుంటోంది? కాంట్రా ఆ గీటురాయి మీద నెగ్గింది.

ఆ తర్వాత మెషిన్లు పెరిగాయి, కంపెనీలు పెరిగాయి, మాటలూ పెరిగాయి. "స్నేహితుడితో కలిసి ఆడొచ్చు" అన్న మాటకి జనం డబ్బులు ముందే కడతారని తెలిశాక వేదికల మీద ఆ మాట తరచు వినపడటం మొదలైంది.

నో మ్యాన్స్ స్కై సంగతి చూడండి. ఇంగ్లండులోని గిల్డ్‌ఫర్డ్‌లో ఉన్న హలో గేమ్స్ అనే చిన్న బృందం 2016 ఆగస్టులో విడుదల చేసిన అంతరిక్షం ఆట అది. కోటానుకోట్ల గ్రహాలు. ఇద్దరు ఆటగాళ్లు ఎదురుపడే అవకాశం ఉంటుందని విడుదలకి ముందు ఇంటర్వ్యూల్లో సంస్థ అధిపతి షాన్ మరే చెప్పాడు. విడుదలైన మొదటి రోజే ఇద్దరు ఒకే గ్రహం మీద ఒకే చోటుకి చేరుకున్నారు. నిలబడిన చోటు ఒకటే, ఒకరికొకరు కనపడలేదు. కారణం ఆ ఆట కట్టిన తీరులోనే ఉంది. గ్రహాలన్నీ ఒక లెక్క ప్రకారం పుడతాయి, ఆ లెక్క ఎవరి మెషిన్‌లో చేసినా అదే కొండ, అదే లోయ వస్తాయి. కొండని పంపించక్కర్లేదు, లెక్క పంపిస్తే చాలు. కానీ మనిషి లెక్కలోంచి పుట్టడు. వాడు ఇప్పుడు ఎక్కడున్నాడు, ఎటు తిరిగాడు అన్నది ప్రతి క్షణం ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కి చేరవేయాలి. ఆ పని విడుదల నాటికి జరగలేదు. గ్రహాలు వచ్చాయి, పక్కవాడు రాలేదు.

హేలో ఆటది ఇంకో రకం. ఒకే సోఫాలో కూర్చుని, ఒకే టీవీని రెండు ముక్కలు చేసి ఆడుకునే అలవాటుని లక్షల ఇళ్లకి చేర్చిన ఆటల్లో అదొకటి. 2015లో వచ్చిన హేలో 5లో ఆ సౌకర్యం తీసేశారు, అభిమానులు మండిపడ్డారు. ఇకమీదట ఆ వరుసలో వచ్చే తుపాకీ ఆటలన్నిట్లో రెండు ముక్కల తెర ఉంటుందని 2017లో సంస్థ పెద్దలే వేదిక మీద మాటిచ్చారు. 2021 డిసెంబరులో హేలో ఇన్ఫినిట్ వచ్చింది. కథ భాగాన్ని ఇద్దరు కలిసి ఆడటం తర్వాత వస్తుందన్నారు. 2022 సెప్టెంబరులో, ఒకే టీవీ మీద కథ కలిసి ఆడే సౌకర్యం రద్దయిందని చెప్పేశారు. నెట్ మీద కలిసి ఆడటం మాత్రం ఆ నవంబరులో వచ్చింది.

మన పిల్లలకి వీటికన్నా దగ్గరి ఉదాహరణ ఉంది. ఫ్రీ ఫైర్‌ని ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది. నలుగురు కుర్రాళ్లు నాలుగు ఫోన్లు పట్టుకుని అరుగు మీద కూర్చుని "నాక్ అయ్యాన్రా, రివైవ్ చెయ్యి" అని అరుచుకునే ఆట అది. ఫ్రీ ఫైర్ ఇండియా పేరుతో 2023 సెప్టెంబరు 5న మళ్లీ వస్తోందని సంస్థ ప్రకటించింది, ధోనీని ముందు పెట్టి ప్రచారం చేసింది. ముందు రోజు వాయిదా వేసింది. కొద్ది వారాలంది. ఆ వారాలు నెలలయ్యాయి.

ఆటలో మాట తప్పితే మనసు ఎంత దూరం పోతుందో పల్నాటి వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. మన వీరచరిత్రలో కోడిపందెం ఓడినవాళ్లు షరతు ప్రకారం ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లారు, గడువు తీరాక తమ వాటా అడిగితే దక్కలేదు, అది కారంపూడి యుద్ధం దాకా వెళ్లింది. ఓడినందుకు ఎవరూ యుద్ధం చేయలేదు. షరతు నిలబెట్టనందుకే చేశారు.

అయితే ఈ మాట తప్పడాలన్నిటికీ మోసం ఒక్కటే కారణమంటే అది సరైన తీర్పు కాదు. పక్కవాణ్ణి ఆటలోకి తేవడం చివర్లో అతికించే పని కాదు. తెరని రెండు ముక్కలు చేస్తే మెషిన్ అదే లోకాన్ని ఒకే క్షణంలో రెండుసార్లు గీయాలి. ఇద్దరూ చెరో దిక్కుకి పోతే రెండు చోట్లనీ మెమరీలో మోయాలి. ఒకడు తలుపు తెరిచి, ఇంకొకడు అదే తలుపు మూస్తే ఎవరి మాట చెల్లాలో ముందే తేల్చి ఉంచాలి. పునాది రోజున అనుకోని గదిని పైకప్పు వేశాక కట్టబోతే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. వేదిక ఎక్కి మాటిచ్చిన పెద్దమనిషికి ఇది తెలియకపోవచ్చు. అతని వెనక రాత్రిళ్లు కూర్చుని కోడ్ రాసే కుర్రాళ్లకి బాగా తెలుసు. హైదరాబాదులోనూ, బెంగళూరులోనూ అలాంటి స్టూడియోల్లో మన తెలుగు పిల్లలు చాలామంది పని చేస్తున్నారు కాబట్టి ఈ తేడా మనం గుర్తుపెట్టుకోవాలి.

హలో గేమ్స్ గురించి ఇంకో మాట చెప్పకపోతే అన్యాయం. తిట్లు తిన్నాక వాళ్లు గొంతు తగ్గించుకుని పనిలో పడ్డారు. 2018 జులై 24న నెక్స్ట్ పేరుతో అప్‌డేట్ ఇచ్చారు, అదనంగా రూపాయి తీసుకోకుండా. మొదటి రోజు కనపడని ఆ పక్కవాడు అప్పుడు కనపడ్డాడు. ఇద్దరూ కలిసి తిరగొచ్చు, కలిసి ఇల్లు కట్టుకోవచ్చు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఉచితంగా ఇస్తూనే ఉన్నారు. ఆలస్యంగా తీర్చినా ఆ మాటని పూర్తిగా తీర్చారు, అందుకే వాళ్ల మీద నాకు గౌరవం.

అసలు మాట తప్పే అవకాశమే లేకుండా కట్టిన ఆట ఒకటుంది. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లోని హేజ్‌లైట్ స్టూడియో 2021 మార్చి 26న విడుదల చేసిన ఇట్ టేక్స్ టూ. దాని దర్శకుడు యోసెఫ్ ఫారెస్ లెబనాన్‌లో పుట్టి చిన్నప్పుడు స్వీడన్‌కి వలస వెళ్లినవాడు, ఆటల్లోకి రాకముందు సినిమాలు తీశాడు. ఈ ఆటని ఒంటరిగా ఆడలేరు. మెషిన్ నడిపే బొమ్మ తోడు రాదు. రెండో మనిషి లేకపోతే ఆట మొదలే కాదు. విడాకులకి సిద్ధపడ్డ కోడీ, మే అనే భార్యాభర్తలు, కూతురు రోజ్ ఏడుపుతో చిన్న బొమ్మలుగా మారిపోతారు. కథ అంతే.

పనితనం షెడ్డులో మొదలవుతుంది. పాత సామాన్ల షెడ్డు. కోడీకి మేకులు దొరుకుతాయి, మేకి సుత్తి తల దొరుకుతుంది. కోడీ మేకుని చెక్క గోడకి విసిరితే అక్కడ దిగబడుతుంది. మే ఆ మేకుకి సుత్తిని తగిలించి ఉయ్యాల ఊగి అవతలికి గెంతుతుంది. ఆమె అవతలికి చేరి, సుత్తితో మీట మీద కొడితేగాని కోడీకి దారి రాదు. అతను ఈల వేస్తే మేకు వెనక్కి వచ్చేస్తుంది. ఆమె ఇంకా ఊగుతుండగా ఈల వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కదిలే చెక్కని మేకు దిగ్గొట్టి ఆపడం అతని పని, అది ఆగి ఉన్నంతసేపట్లో దాటడం ఆమె పని. మేకు ఒక్కటే ఉంటే దేనికీ పనికిరాదు, సుత్తీ అంతే. ఇల్లు కట్టే ఏ వడ్రంగినడిగినా చెప్పే ఈ సంగతి మీద ఒక అధ్యాయం మొత్తం నడిపించారు. ఎవరికీ పాఠం చెప్పినట్టు ఉండదు, చేతుల్లోంచే అర్థమవుతుంది.

షెడ్డు దాటగానే మేకులూ పోతాయి, సుత్తీ పోతుంది. చెట్టు అధ్యాయంలో కోడీ చేతికి జిగురు చిమ్మే తుపాకీ, మే చేతికి అగ్గిపుల్లలు విసిరేది. జిగురు పూసిన చోట నిప్పు పడితే పేలుతుంది. గడియారం అధ్యాయంలో అతను కాలాన్ని వెనక్కీ ముందుకీ తిప్పుతాడు, ఆమె తన నకలుని ఒకచోట నిలబెట్టి మళ్లీ అక్కడికి రాగలదు. మంచు గోళంలో చెరో అయస్కాంతం. తోటలో అతను మొక్కగా మారతాడు, ఆమెకి కొడవలీ నీళ్లూ. ఇలా ప్రతి అధ్యాయానికీ పనిముట్లు లాగేసుకుని కొత్తవి ఇస్తూ పోయారు. ఇంత తయారీ ఖర్చుని ఒక్కో అధ్యాయంతో వదిలేసుకునే స్టూడియో అరుదు. వదిలేసుకున్నందుకు దక్కింది చాలా పెద్దది: ఆటల్లో ఆరితేరిన తమ్ముడూ, రిమోట్ ఎప్పుడూ పట్టుకోని వదినా ప్రతి అధ్యాయం మొదట్లో ఒకే చోట నిలబడతారు. ఇద్దరికీ అది కొత్తే. అతని ముందడుగు అరగంటకి మించి నిలవదు. తక్కువ ఆడేవాణ్ణి చూసుకోవడానికి ఇంత తెలివైన ఏర్పాటు నేను ఇంకో ఆటలో చూడలేదు. ఆట కొన్నాక విసుగొచ్చిందని నిజంగా అనిపించినవాళ్లకి వెయ్యి డాలర్లు ఇస్తానని ఫారెస్ విడుదలకి ముందు అన్నాడు. అంత మాట అనగలిగాడంటే ఈ లెక్క అతనికి తెలుసు కాబట్టే.

చావు దగ్గర కూడా చూడండి. ఒకరు పడిపోతే బటన్ టకటకా కొడితే క్షణాల్లో లేస్తారు. పెద్ద పోరాటాల్లో ఇద్దరూ ఒకేసారి పడితేనే వెనక్కి వెళ్లాలి. కాంట్రాలో తమ్ముడు అన్న దగ్గర లైఫు తీసుకోవాల్సి వచ్చేది, ఇక్కడ తోడు నిలబడి ఉంటే చాలు. తెర మొదటి నుంచి చివరిదాకా దాదాపు రెండు ముక్కలుగానే ఉంటుంది, ఇద్దరూ వేరే ఊళ్లలో ఉండి నెట్ మీద ఆడుతున్నా సరే. ఎవరి తెర వాళ్లకి పూర్తిగా ఇవ్వడం తేలిక, అందరూ అదే చేస్తారు. వీళ్లు సగం తెర త్యాగం చేసి పక్కవాడి తంటాలు కళ్ల ముందు ఉంచారు. ఆమె ఎక్కడ ఇరుక్కుందో అతను అడక్కుండానే చూస్తాడు.

లోపాలు లేవని కాదు. మధ్యలో దూరి సలహాలిచ్చే పుస్తకం పాత్ర, డాక్టర్ హకీమ్, అవసరమైనదానికన్నా ఎక్కువ మాట్లాడుతుంది. బొమ్మ ఏనుగు వద్దు వద్దని బతిమాలుతుంటే ఇద్దరం కలిసి దాన్ని ఈడ్చుకెళ్లే సన్నివేశం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఏడెనిమిదేళ్ల పిల్లలతో ఆడేవాళ్లు అది ముందే తెలుసుకుని కూర్చోవడం మంచిది.

ఇక డబ్బుల దగ్గర వీళ్లు చేసిన పని. ఇద్దరు కావాలి కాబట్టి రెండు కాపీలు అమ్ముకోవచ్చు. అలా చేయలేదు. ఒకరు కొంటే రెండోవాళ్లు ఫ్రెండ్స్ పాస్ దింపుకుని ఉచితంగా ఆట మొత్తం ఆడొచ్చు. 2025 మార్చిలో వచ్చిన వాళ్ల తర్వాతి ఆట స్ప్లిట్ ఫిక్షన్‌లో ఇద్దరి మెషిన్లూ ఒకే రకంవి కావాలన్న షరతు కూడా తీసేశారు. ఇట్ టేక్స్ టూ విడుదలైన 2021లోనే ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఆటగా నెగ్గింది. సగం మందికి ఉచితంగా ఇచ్చిన ఆట రెండు కోట్ల కాపీలు దాటి అమ్ముడుపోయింది.

ఇదంతా చదివి, నూజెండ్లలో అంత ఖరీదైన మెషిన్ ఎవరికుంది అని అడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్న. అందుకే ఒక్క ఫోనుతో నడిచే ఆట ఒకటి చెబుతాను. కెనడాలోని ఒట్టావాలో ముగ్గురు నలుగురు మిత్రులు 2014లో ఒక వారాంతపు పోటీలో మొదలుపెట్టి, స్టీల్ క్రేట్ గేమ్స్ పేరుతో 2015లో విడుదల చేసిన కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్. తర్వాత ఫోన్లకీ వచ్చింది. ఒకరి ముందు బాంబు ఉంటుంది, దాన్ని నిర్వీర్యం చేసే పద్ధతి వాళ్లకి తెలియదు. ఇంకొకరి దగ్గర పద్ధతి రాసిన పుస్తకం ఉంటుంది, వాళ్లకి బాంబు కనపడదు. ఆ పుస్తకం 23 పేజీలు, ఉచితం, ముద్రించుకోవచ్చు. కొనాల్సింది ఒక్క కాపీ.

పుస్తకంలో ఒక ముక్క ఇలా ఉంటుంది. మూడు తీగలుంటే: ఎర్ర తీగ ఒక్కటీ లేకపోతే రెండోది కత్తిరించు. ఉంటే, చివరి తీగ తెల్లదైతే చివరిది కత్తిరించు. అదీ కాకపోతే, నీలం తీగలు ఒకటికి మించి ఉంటే చివరి నీలం తీగ కత్తిరించు. ఏదీ కాకపోతే చివరిది. చదువుకోవడానికి తేలికే. గడియారం కిందికి నడుస్తుంటే, ఎదుటివాళ్లు చెప్పేది మాత్రమే విని ఇది తేల్చడం వేరు. తప్పు తీగ కత్తిరిస్తే గడియారం ఇంకా వేగంగా తిరుగుతుంది.

గుర్తుల పేజీ దీనికన్నా బాగుంటుంది. బాంబు మీద నాలుగు వింత గుర్తులు ఉంటాయి, పుస్తకంలో ఆరు నిలువు వరసలు. నాలుగూ ఒకే వరసలో ఎక్కడున్నాయో వెతికి, పై నుంచి కిందికి ఆ క్రమంలో నొక్కాలి. ఆ గుర్తులకి మనకి తెలిసిన పేర్లు లేవు.

"అక్కా, త్రిశూలం ఉంది. ఇంకోటి నక్షత్రం."

"నక్షత్రం లోపల నల్లగా ఉందా, ఖాళీగా ఉందా? సరిగ్గా చూసి చెప్పరా."

"నల్లగానే ఉంది. పక్కన నాలుక బయటపెట్టి నవ్వే మొహం."

"దొరికింది. త్రిశూలం ముందు, మొహం తర్వాత, నక్షత్రం చివర. నాలుగోదేంటి?"

నల్ల నక్షత్రం ఒక వరసలో, ఖాళీ నక్షత్రం వేరే వరసల్లో పెట్టారు. చూసేవాడు నక్షత్రం అని చెప్పి ఊరుకుంటే సరిపోకూడదనే అలా పెట్టారు. వినేవాళ్లు ఎదురు ప్రశ్న వేయాలి, చూసేవాడు మళ్లీ చూడాలి. ఇక్కడ వేళ్ల వేగం అక్కర్లేదు. ఫోను గేములు ఎన్నడూ ఆడని అమ్మమ్మకి కూడా, ఎవరైనా ఆ పేజీలు చదివి తెలుగులో రాసిస్తే, పుస్తకం పట్టుకునే పాత్ర ఇవ్వొచ్చు. ఆమె అందరికన్నా ఓపిగ్గా అడుగుతుంది కూడా.

కొత్త ఆట వస్తోందని, నలుగురు కలిసి ఆడొచ్చని ప్రకటన చూసినప్పుడు ముందుగా డబ్బు కట్టకండి. విడుదలయ్యాక కొన్నవాళ్లని మూడు సంగతులు అడగండి: ఒకే తెర మీద ఆడొచ్చా, నెట్ ఉంటేనా? ఇద్దరూ విడివిడిగా కొనాలా? కథ మొత్తం కలిసి ఆడొచ్చా, కొంత భాగమేనా? ఈ మూడింటికీ సూటిగా జవాబు దొరకనంతవరకు ఆగండి. ఈలోగా ఆ 23 పేజీలు వినుకొండలోనో నరసరావుపేటలోనో జిరాక్సు తీయించి ఇంట్లో పెట్టుకోండి. మొదటిసారి తేలికైన బాంబుతోనే మొదలుపెట్టండి, పుస్తకం ఇంట్లో అందరికన్నా తక్కువ ఆడేవాళ్ల చేతికివ్వండి.